చేసిన మేలుకు బదులేమిటి? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గత సంచికలో "మీకు మేలు చేసినవారిని మీరెలా గుర్తుంచుకుంటున్నారు?" అని ఈ శీర్షికలో పాఠకులను అడిగాము. వచ్చిన ఉత్తరాలలో పొగడ్తలకన్నా ఇబ్బందులే ఎక్కువగా ఉన్నాయి. మేలు పొందడం ఎవరికైనా బాగానే ఉంటుంది కాని, పొందిన తరువాత ఆ మనిషితో ఎలా మసలుకోవాలన్నదే చాలామందికి చిక్కుముడిగా మారినట్లు ఆ ఉత్తరాలు చెబుతున్నాయి. అన్నిటికీ జవాబివ్వడానికి చోటు చాలదు కనుక, పదిమందికీ పనికివస్తాయనుకున్న కొన్నింటిని కుదించి, పేర్లు తీసివేసి, ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి చెప్పగా కొన్ని నెలలుగా రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు నాకు దక్కిన మంచి విషయాలు ఐదింటిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మొదట్లో ఎంతో హాయిగా ఉండేది. ఇప్పుడు ఆరోగ్యం, పిల్లలు, సొంత ఇల్లు, పింఛను, దైవకృప అని రోజూ అవే ఐదూ రాసి పుస్తకం మూసేస్తున్నాను. నాలో కృతజ్ఞతాభావం తగ్గిపోతున్నదా?
(విశ్రాంత ఉపాధ్యాయిని, ఏలూరు)

జవాబు: తగ్గిపోలేదమ్మా, మీ పుస్తకం హాజరుపట్టీగా మారిందంతే. ఇలా రాసుకునే పద్ధతిని 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో విద్యార్థులపై పరీక్షించి చూశారు. కొందరిని తమకు దక్కిన మంచిని, మరికొందరిని తమను విసిగించిన సంగతులను, ఇంకొందరిని మామూలుగా జరిగిన విషయాలను పది వారాల పాటు రాయమన్నారు. మంచిని రాసినవారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని కనబరచడమే కాక, ఒంటి నొప్పుల గురించి తక్కువగా చెప్పుకున్నారు. అయితే ఆ ప్రయోగంలో వారు రాసింది వారానికి ఒక్కసారి మాత్రమే. 2005లో సోన్యా లియుబోమిర్‌స్కీ బృందం ప్రచురించిన వివరాలలోనూ వారానికోసారి రాసినవారికి మేలు కనిపించింది కాని, వారానికి మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు. మీకు విసుగు పుట్టడంలో వింతేమీ లేదు.

మన పెద్దలకు ఈ సంగతి ప్రయోగాలు లేకుండానే తెలిసినట్లుంది. గోమాతకు రోజూ దండం పెట్టేవారున్నా, ఎద్దుల కోసమంటూ ప్రత్యేకంగా కనుమ రోజు ఉంది. ఆ రోజు పశువులను చెరువుకు తోలుకుపోయి, ఒళ్ళంతా రుద్ది కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు మువ్వలు కట్టి, పొంగలి పెడతారు. నాగలికి ఏరువాక పున్నమి, పనిముట్లకు దసరా ఆయుధపూజ ఉన్నాయి. ఏడాదంతా పని చేయించుకున్నదాన్ని ఒక రోజు ఆగి, దగ్గరకు వెళ్ళి, చేత్తో తాకి తలచుకునే ఏర్పాటది. ఎద్దు వీపు రుద్దుతున్నప్పుడే కాడి కింద పడిన పుండు రైతు కంటబడుతుంది. రోజూ దూరంనుంచి పెట్టే దండంలో ఆ పుండు కనిపించదు.

కాబట్టి మీరు వారానికి ఒకసారి, ఆదివారమో శుక్రవారమో, తీరికగా రాయండి. ఐదు అక్కర్లేదు, ఒకటి రెండు చాలు. కాని 'పింఛను' అని ముక్తసరిగా రాయవద్దు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళ మన వయసువారికి యంత్రం మీద వేలిముద్ర పడక ఎంత తంటా అవుతుందో మీకు తెలుసు. అక్కడ కూర్చున్న కుర్రవాడు విసుక్కోకుండా, తడిగుడ్డతో మీ వేలు తుడిచి, మూడోసారో నాలుగోసారో సరిగ్గా పెట్టించి, "అయిపోయిందమ్మా, ఇక వెళ్ళి టిఫిను చెయ్యండి" అని ఉంటే, రాయవలసింది ఆ పిల్లవాడి సంగతి. 'ఆరోగ్యం' అనేచోట, ఈ వారం మోకాలు సహకరించి రైతుబజారు దాకా నడిచి వెళ్ళి, లేత బెండకాయలు విరిచి చూసి మరీ తెచ్చుకున్న సంగతి రాయండి. దైవకృప గురించి నేనేమీ అనను, అది రోజూ తలచుకోదగినదే. అయితే దేవుడి పేరు రాయడం సులువై, తడిగుడ్డ పట్టుకున్న మనిషిని మరిచిపోవడం మనలో ఉన్నదే కదా.

ప్రశ్న: నేను మెల్‌బోర్న్‌లో పనిచేస్తున్నాను. అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. వారు నాకోసం పడిన కష్టం ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ మాట చెబుదామని ఫోనులో "చాలా థాంక్స్ అమ్మా" అంటే, "మాకెందుకురా మర్యాదలు, పరాయివాళ్ళమా?" అని అమ్మ కొట్టిపారేసింది. నాన్నతో అయితే నోరే రాదు. మన ఇళ్ళలో ఇలాంటివి చెప్పుకోకూడదా?
(ఒక యువకుడు)

జవాబు: చెప్పుకోవచ్చు బాబూ, కాని అమ్మ అభ్యంతరంలో న్యాయం ఉంది. కొట్టులో చిల్లర తిరిగి ఇచ్చినవాడికి చెప్పే మాటనే కన్నతల్లికి చెబితే, ఆమెకు అది లెక్క తేల్చుకున్నట్లు వినిపించింది. ఆమె కొట్టిపారేసింది ఆ మర్యాదను మాత్రమే. మీరు గుర్తుంచుకున్న సంగతి ఏదైనా ఉంటే, దాన్ని ఏ తల్లీ కొట్టిపారేయదు. "ఇంటర్ పరీక్షలప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపి, నేను మళ్ళీ పడుకుంటానేమోనని వంటింటి గడపమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేదానివి, నాకప్పుడు ఒళ్ళు మండేది, ఇప్పుడు తెల్లవారుజామున షిఫ్టుకు లేచినప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు" అని చెప్పి చూడండి. ఆమె ఏమీ మాట్లాడకుండా "అన్నం తిన్నావా?" అని మాట మారుస్తుంది. అందిందని దానికి అర్థం.

చెప్పడానికి సిగ్గుపడేది మనవాళ్ళొక్కరే కారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తమకు మేలు చేసినవారికి ఉత్తరం రాయమని కొందరిని కోరి, అందుకున్నవారు ఏమనుకుంటారో ముందుగా ఊహించమన్నారు. రాసినవారు అవతలివారి ఇబ్బందిని ఉన్నదానికన్నా ఎక్కువగా, సంతోషాన్ని ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేశారు. మాట ఎంత పొందికగా ఉందోనని రాసేవారు బెంగపడితే, అందుకున్నవారు అందులోని ఆప్యాయతనే చూశారు.

నాన్నగారి విషయంలో ఎదురుగా కూర్చుని చెప్పే ప్రయత్నం చేయవద్దు. ఆయన మిమ్మల్ని బస్టాండు దాకా దింపిన ఆ పాత బండి సంగతి ఎత్తండి, దాని క్లచ్చు ఎలా జారేదో అడగండి. మన నాన్నలు బండి గురించి మాట్లాడుతూ చాలా చెబుతారు, చాలా వింటారు కూడా. ఇంకొక మాట. వారిని అప్పుడప్పుడు ఏదైనా అడగండి. గోంగూర పచ్చడిలో మెంతులు ఎంత వేయాలో, స్థలం కాగితాలు ఎక్కడ దాచాలో అడగండి. కొడుకు డబ్బు పంపడం తప్ప ఏమీ అడగడం మానేశాడంటే, తమ అవసరం తీరిపోయిందన్న దిగులు పెద్దవారికి పట్టుకుంటుంది.

ప్రశ్న: ఎన్నో ఏళ్ళుగా మా ఫ్లాటులో పనిచేసిన ఆమెను ఇంటిమనిషిలా చూసుకున్నాము. వాళ్ళ అబ్బాయి కాలేజీలో చేరేటప్పుడు 10,000 రూపాయలు ఇచ్చాము. ప్రతి దసరాకూ చీర పెట్టాము. పక్క బ్లాకులో నెలకు 800 ఎక్కువ ఇస్తామనేసరికి ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా మానేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా?
(ఒక గృహిణి, హైదరాబాదు)

జవాబు: కాదండీ. చెప్పకుండా మానేయడం తప్పే, దానికి మీరు నొచ్చుకోవడమూ సహజమే. కాని దానికి కృతఘ్నత అన్న పేరు పెట్టడం అన్యాయం. మీ ఉత్తరంలో మీరిచ్చినవాటి పట్టిక ఉంది, ఆమె ఇచ్చినవాటి పట్టిక లేదు. ఆమె రాని రోజున సింకులో గిన్నెలు పేరుకుపోయి, ఇంట్లో ఎవరు కడగాలన్న దగ్గర మొదలై ఎక్కడిదాకా పోయేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇన్నేళ్ళు ఆ తగవు రాకుండా ఆపింది ఆమె. ఆ పదివేలూ మనసుండి ఇచ్చారు, ఆమె కొడుకుకు ఉపయోగపడ్డాయి, సంతోషం. అది కానుక. జీతం కానుక కాదు. జీతం పెంచవలసిన చోట చీర పెట్టి, ఆ చీరకు విశ్వాసాన్ని బదులుగా కోరుకోవడం మన ఇళ్ళలో ఎంతోకాలంగా మర్యాదగానే చెలామణి అవుతున్నది.

నెలకు 800 అంటే ఏడాదికి 9,600. మీరు ఒకేసారి ఇచ్చిన మొత్తం దాదాపు ఏడాదికొకసారి ఆమెకు అడగకుండానే అందే ఏర్పాటది. మీరు ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేవారు? మన పిల్లలు ఎక్కువ జీతం కోసం కంపెనీ మారితే పార్టీ ఇస్తాము కూడా.

ఆమెకు బాకీ ఉన్న రోజుల డబ్బు ఉంటే పిలిచి ఇచ్చేయండి. లిఫ్టులో కనిపిస్తే అబ్బాయి చదువు అడగండి. కొత్తగా వచ్చే మనిషికి మొదటిరోజే ఏటా జీతం ఎంత పెరుగుతుందో, వారంలో సెలవు ఏ రోజో, మానేయాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో మాట్లాడుకోండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి కోసం చేసిన 189వ ఒప్పందం వారానికి వరుసగా 24 గంటలైనా విశ్రాంతి ఉండాలంటున్నది. మన దేశం దాన్ని ఆమోదించకపోయినా, మీ ఇంట్లో అమలు చేసుకోవడానికి అడ్డు చెప్పేవారు లేరు.

ప్రశ్న: నా పెళ్ళయ్యాక మా మామయ్య పట్టుబట్టి నన్ను బీఎడ్ చదివించారు. ఈ రోజు నాకు ఉద్యోగం ఉందంటే అది ఆయన చలవే, అందులో సందేహం లేదు. జీతమంతా ఇంట్లోనే ఇస్తున్నాను. మా అమ్మకు ఆపరేషను అయింది, చూసేవారు లేరు. నెలనెలా కొంత పంపుతానంటే "నిన్ను చదివించిందెవరు?" అంటున్నారు. ఏ విషయంలో నోరు తెరిచినా అదే మాట. ఎదురు చెబితే కృతఘ్నురాలిని అవుతానా?
(ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్ జిల్లా)

జవాబు: ఈ ప్రశ్నకు మన సంప్రదాయంలోనే జవాబు ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. కృతఘ్నత గురించి రామాయణంలో కన్నా కటువుగా ఎక్కడా చెప్పి ఉండరు. రాముడి సాయంతో రాజ్యం పొందిన సుగ్రీవుడు వర్షాకాలం వెళ్ళినా సీతను వెతికించే ఊసే ఎత్తకుండా సుఖాలలో మునిగిపోతే, లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు వచ్చి, ఎంతటి పాపాలకైనా ప్రాయశ్చిత్తం ఉంది కాని కృతఘ్నుడికి లేదని అంటాడు. మీ మామగారి పక్షాన ఎవరైనా ఈ మాట ఎత్తవచ్చు. అయితే అక్కడ సుగ్రీవుడు తప్పింది ఏమిటో గమనించండి. నోరారా తాను ఇచ్చిన మాటను. రాముడు అతన్ని ఆ మాట నిలబెట్టుకొమ్మన్నాడే కాని, నీకు రాజ్యం ఇప్పించాను కనుక ఇకమీదట నీ ఇంటి సంగతులన్నీ నా ఇష్టప్రకారమే సాగాలని అనలేదు. మీరు బీఎడ్‌లో చేరేటప్పుడు మీ తల్లిని చూడనని ఎవరికీ మాట ఇవ్వలేదు కదా.

రెండో ఘట్టం ఉత్తరకాండలోది, నాకు మరీ ఇష్టమైనది. పట్టాభిషేకం అయ్యాక హనుమంతుడికి వీడ్కోలు చెబుతూ రాముడు, నువ్వు నాకు చేసిన ఉపకారం నా ఒంట్లోనే జీర్ణమైపోవాలి, దానికి బదులు తీర్చే అవకాశం నాకు రాకూడదు, ఎందుకంటే మనిషి ప్రత్యుపకారానికి పాత్రుడయ్యేది ఆపదలో పడ్డప్పుడే, అంటాడు. మేలు పొందినవాడు అనవలసిన మాటే అయినా, మేలు చేసినవారూ దీన్ని ఆలోచించుకోవాలి. బాకీ ఎప్పుడు వసూలవుతుందా అని ఎదురుచూసేవారు, ఒకరకంగా తాము ఆపదలో పడి ఎదుటివారి చేతుల్లోకి వెళ్ళే రోజు కోసం ఎదురుచూస్తున్నట్లే. మీ మామగారు నిజంగా పెద్ద పని చేశారు. కోడలిని చదివించేవారు మన ఊళ్ళలో ఇప్పటికీ తక్కువే. ఆ పెద్దపనిని ఆయనే మాటిమాటికీ ఎత్తిచూపి చిన్నది చేసుకుంటున్నారు.

ఇక చేయవలసింది. ఆయన చేసిన మేలును ఆయనకంటే ముందు మీరే చెప్పండి. నలుగురు బంధువులు కూడినప్పుడు, ఎవరూ అడగకపోయినా, "మామయ్య లేకుంటే నేను బీఎడ్ చేసేదాన్నే కాదు" అనండి. అది నిజం కనుక మీకు బరువుండదు. ఎదుటివారు గుర్తుంచుకున్నారన్న నమ్మకం కలిగితే పదే పదే గుర్తుచేసే అవసరం చాలామందికి తగ్గుతుంది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అనే రకం కోడలు కాదని ఊరందరికీ తెలిసినప్పుడు, డబ్బు సంగతి విడిగా మాట్లాడటం తేలికవుతుంది.

ఆ మాట మీరొక్కరే కాక, మీవారితో కలిసి మాట్లాడండి. జీతంలో ఇంత ఇంటికి, ఇంత అమ్మకు అని అంకె చెప్పండి. అనుమతి అడుగుతున్న ధోరణి వద్దు, నిర్ణయం తెలియజేస్తున్న ధోరణి ఉండాలి, గొంతు మాత్రం తగ్గించే మాట్లాడండి. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి కేంద్ర చట్టం కొడుకులతో సమానంగా కూతుళ్ళనూ బాధ్యుల్ని చేసింది. పెళ్ళయిన కూతురికీ ఆ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఇంట్లో చట్టం మాట ఎత్తమని నా సలహా కాదు, మీరు అడుగుతున్నది అత్యాశ కాదని మీకు మీరు తెలుసుకోవడానికి మాత్రమే చెబుతున్నాను. "నిన్ను చదివించిందెవరు?" అని మళ్ళీ అంటే, "మీరే మామయ్యా. మీరు చదివించబట్టే అమ్మను చూసుకోగలుగుతున్నాను" అనండి. అందులో ఎదురు చెప్పినట్లు ఏమీ లేదు.

ప్రశ్న: పంట పోయి అప్పుల్లో ఉన్నాను. బంధువులు వచ్చి "నీకన్నా కిందివాళ్ళను చూసి, ఉన్నదానికి సంతోషపడు" అంటున్నారు. నాకు ఒళ్ళు మండుతున్నది. నాది తప్పా?
(ఒక రైతు, అనంతపురం జిల్లా)

జవాబు: కాదన్నా. ఉన్నదానికి సంతోషపడటం ఎవరికి వారు తెచ్చుకోవలసింది, ఒకరు ఇంకొకరికి చెప్పవలసింది కాదు. వచ్చినవారిని బ్యాంకు దాకా తోడు రమ్మనండి, లేదా పంటల బీమా కాగితాలు చదివిపెట్టమనండి. కూర్చుని చదివినవారికి మీరు మనసులో దండం పెట్టుకోవచ్చు. మిగిలినవారికి మజ్జిగ ఇచ్చి పంపండి, చాలు.

ప్రశ్న: పదో తరగతి పరీక్ష ఫీజుకు డబ్బు లేక చదువు మానేద్దామనుకున్నప్పుడు మా లెక్కల మాస్టారు తన జేబులోనుంచి కట్టారు. ఇప్పుడు రాజమహేంద్రవరంలో నాకు సొంత వర్క్‌షాపు ఉంది. ఆయనకు చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే కాలం గడిపేశాను. తీరా వెళ్ళేసరికి ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఋణం ఇక తీరదా?
(ఒక పాఠకుడు)

జవాబు: ఇచ్చినవారికే తిరిగి ఇవ్వాలనుకుంటే తీరదు. కాని పూర్వులు చెప్పిన మూడు ఋణాలను చూడండి. దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో, ఋషుల ఋణం చదువుతో తీరుతుందన్నారు. తండ్రి పెంచినందుకు బదులుగా మనం తండ్రిని పెంచలేము, మన పిల్లలను పెంచుతాము. గురువు విషయమూ అంతే.

మీరున్నది గోదావరి ఒడ్డున కనుక ఇంకొకటి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. అంతకు ముందు కరువులతో అల్లాడిన డెల్టా పచ్చబడింది. 1899లో ఇంగ్లండులో కన్నుమూసిన ఆ మనిషికి ఇక్కడివారు తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. అయినా కాలవగట్ల మీద, ఊరి కూడళ్ళలో ఆయన విగ్రహాలు నిలిపారు. గోదావరి స్నానంలో చెప్పే సంకల్పంలో ఆయనను భగీరథుడితో పోల్చి తలచుకునేవారని ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. ఆమె చేతి అన్నం తిన్నవారెవరూ ఇప్పుడు లేరు. ఆమె పేరు మాత్రం అక్కడి అక్విడక్టుకు, అంటే నది మీదుగా కాలవను దాటించే వంతెనకు, ఉంది, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఉంది. విగ్రహాలు ఎక్కువైపోయిన కాలంలో ఉన్నాము కనుక ఆ ముచ్చట పక్కన పెట్టినా, ఒక మనిషి పేరు అన్నానికి పెట్టడం నాకు నచ్చింది.

ముందుగా మాస్టారి ఇంటికి వెళ్ళండి. ఆయన భార్య ఉంటే ఆమెకు, లేకుంటే పిల్లలకు జరిగింది చెప్పండి. ఆయన ఎవరెవరికి ఫీజులు కట్టారో ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు. జీతంలో తగ్గిన ఆ కాస్త డబ్బు ఎటు పోయిందో వారికి ఇన్నేళ్ళకు తెలుస్తుంది. డబ్బు కవరు తీసుకువెళ్ళవద్దు, పండ్లు చాలు. ఆ తరువాత మీరు చదివిన బడికి వెళ్ళండి. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు సాధారణంగా నవంబరు ప్రాంతంలో ఉంటుంది. అప్పటికి ఫీజు కట్టలేని పిల్లలెవరో తరగతి ఉపాధ్యాయుడికే ముందు తెలుస్తుంది, కాబట్టి దసరా సెలవులు అవగానే ప్రధానోపాధ్యాయులను కలిసి, అలాంటివారి ఫీజు మీరు కడతానని, పిల్లలను వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయవద్దని చెప్పండి. ఎవరు కట్టారని ఏ పిల్లవాడైనా అడిగితే మాస్టారి పేరు చెప్పమనండి.